ప్రశ్న వెంటగొని పోవుట

శంషాబాదు విమానాశ్రయమున విదేశప్రయాణికులు లోనికి పోవు ద్వారము ముంగిట ఏ రాత్రి నిలిచి చూచినను, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాదు ప్రాంతముల నుండి బండి మాట్లాడుకొని వచ్చిన కుటుంబములు, దుప్పటి పఱచుకొని, సద్దిమూట విప్పుకొని, గల్ఫునకు పోవు కొడుకునో భర్తనో నడుమ కూర్చుండబెట్టుకొని, విమానపు వేళకై ఎదురుచూచుచుండుట కానవచ్చును. ఆ ప్రయాణికుని ప్రక్కన అట్టపెట్టె యొకటి తఱచుగా నుండును. దానిని నిలువునను అడ్డమునను ప్లాస్టిక్ తాడుతో బిగించి, పేరు, ఊరు, చేరవలసిన నగరము నల్లని మార్కరుతో నాలుగు వైపులను వ్రాసియుందురు. తూకము హెచ్చినదని తెలిసినప్పుడు, కట్టిన తాడు మరల విప్పి, మామిడికాయ తొక్కు సీసా ఉంచవలెనా, సకినాల డబ్బా ఉంచవలెనా యని తల్లియు కొడుకును నేలపై కూర్చుండి వాదులాడుకొందురు. ఇంత శ్రద్ధతో సామాను సర్దుకొను మనము, పోవుచున్న నగరము నుండి ఏమి తెలిసికొనవలెనో ముందుగా మనస్సులో సర్దుకొని పోవు అలవాటును మాత్రము ఇంకను చేసికొనలేదు.

2008 మార్చిలో బేగంపేట నుండి శంషాబాదునకు తరలివచ్చిన ఈ విమానాశ్రయమున ఎక్కినవారు నాలుగు గంటలు గడచునప్పటికి దుబాయిలో దిగవచ్చును. అంత చేరువనున్న నగరమును మనవారెంత తక్కువగా ఎఱుగుదురో తలచుకొన్నచో మనస్సు నొచ్చుకొనును. ఏండ్ల తరబడి అచ్చట ఇనుము వంచి, అంతస్తులు లేపి తిరిగివచ్చిన మేస్త్రీని "ఆ ఊరెట్లుండును?" అని అడిగినచో, క్యాంపు గదిని, కంపెనీ బస్సును, సైటును వర్ణించి అంతటితో ఊరకుండును. కొడుకు కోడలి యొద్ద నెల్లాళ్ళుండి వచ్చిన తల్లిదండ్రులు, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ముందు తీయించుకొన్న ఫోటోను చూపి, దాని ప్రక్కనున్న మాల్ ఎంత పెద్దదో చెప్పి, మాట ముగింతురు. వీరిలో నెవ్వరిని తప్పుపట్టుటకును నాకు మనసొప్పదు. మొదటివానికి తీరిక లేదు, రెండవవారికి చూపించి చెప్పువారు లేరు. అయినను ఒక్క సెలవు దినము, ఒక మంచి మార్గదర్శి, ఇంటినుండి వెంటగొనిపోయిన ఒక్క ప్రశ్న సమకూడినచో, పరాయి నగరము పరిచితమగునని నేను గట్టిగా నమ్ముదును. ఈ అధ్యాయము ఆ ఒక్క దినమును గూర్చినది.

ఆ ప్రశ్నను పుస్తకములలో వెదకనక్కరలేదు. చార్మినారు చేరువ పత్థర్‌గట్టి వీథిలో ముత్యాల దుకాణములు వరుస దీరి యుండును. పెండ్లికి ముత్యాల దండ కొనవలెనన్న మనవారు పలువురు అచ్చటికే పోవుదురు. హైదరాబాదునకు సముద్రము లేదు. మూసీ నదిలో ముత్యపుచిప్పలు దొరకవు. మరి ముత్యాల నగరమను పేరు దానికెట్లు వచ్చినది? ఇప్పుడు ఆ దుకాణములలో అమ్ముడుపోవు వానిలో అధికభాగము చైనాదేశపు మంచినీటి ముత్యములే గాని, నిజాముల నగలలోని సత్‌లడా హారము వంటి వానిలో మెఱయునవి బస్రా ముత్యములు. బస్రా యను పేరు వర్తకమువలన వచ్చినదే గాని అవి బస్రాలో పుట్టినవి కావు. నేటి కువైటు, బహ్రైను, కతారు, అబూధాబి, దుబాయి తీరముల కెదురుగా, సముద్రపు అడుగునకు ఊపిరి బిగబట్టి మునిగిన మనుష్యులు ఏరితెచ్చినవి. ఆ సరకు బొంబాయి వర్తకుల చేతులమీదుగా దేశమంతట ప్రాకెడిది. కనుక దుబాయికి పోవు తెలుగువానికి "మా నగరమునకు ముత్యములు పంపినవారెవ్వరు, వారెట్లు బ్రతికిరి?" అను ప్రశ్న సహజముగా లభించుచున్నది.

మఱియొక ప్రశ్న మన నాలుకమీదనే యున్నది. శంషాబాదు నుండి ఆరాంఘర్ మీదుగా చాంద్రాయణగుట్టకు పోవునప్పుడు ఆ దాపుననే బార్కాస్ పేట యున్నది. నిజాముల సైన్యమున కొలువు చేయుటకై యెమెను దేశపు హద్రమౌతు సీమ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు అచ్చట నేటికిని కాపురమున్నారు. వారి ఇండ్లలో వండు హరీస్, అనగా గోధుమను మాంసముతో కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపిన వంటకము, మన హలీమునకు పూర్వరూపము. ఆ హైదరాబాదు హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. గల్ఫు ఇండ్లలోను పండుగనాడు హరీస్ వండుదురు. మాంసము ముట్టనివారైనను ఈ బంధుత్వమును గూర్చి ఆతిథేయులను అడుగవచ్చును. "మా ఊరిలో దీనికి పప్పులు, మసాలాలు చేర్చి వండుదురు, మీరెట్లు వండుదురు?" అని ఒక్క మాట అనినచో, అంతవరకు అతిథిగా కూర్చున్నవారు చుట్టమై పోవుదురు.

అయితే ప్రశ్నించుటయు అభ్యాసమువలన అలవడు విద్యయే గనుక, పరదేశమున మొదటిసారి ప్రయత్నించుటకంటె ఇంటి చేరువ సాధన చేసికొనుట మేలు. శంషాబాదు మండలము నర్కూడ గ్రామమున అమ్మపల్లి శ్రీ సీతారామచంద్రస్వామి దేవాలయము కలదు. 13వ శతాబ్దపుదని ప్రతీతి. ఏడంతస్తుల గోపురమును, మెట్ల కోనేరును తెలుగు చలనచిత్రములలో పలుమార్లు కనిపించినవి గనుక, ఇప్పుడు వచ్చువారిలో పెక్కుమంది గోపురము ముందు ఫోటో తీసికొని, ఫలానా సినిమాలో పాట ఇచ్చటనే తీసిరని చెప్పుకొని, పావుగంటలో వెడలిపోవుదురు. మీరు మాత్రము ఒక ఉదయమంతయు దీనికి కేటాయింపుడు. గర్భగుడిలోని నల్లరాతి విగ్రహములను, వాని వెనుకనున్న మకరతోరణమును కనులార చూచి, దర్శనమునకు వచ్చిన జనము పలుచనైన వేళ అర్చకస్వామిని సమీపించి, "అయ్యగారూ, ఈ కోనేటికి నీరు ఎక్కడినుండి వచ్చేది?" అని అడుగుడు. ఈ గుడి ఎంత పాతదని అడిగినచో ఎవ్వరైనను ఒక సంఖ్య చెప్పి ఊరకుందురు. నీటిని గూర్చి అడిగినచో వానలు చెప్పవలెను, చెరువు చెప్పవలెను, వెనుకటి ఉత్సవములను, అవి నడచిన తీరును చెప్పవలెను, చెప్పుచుండగా తమ తాతతండ్రుల మాటయు రాకతప్పదు. సంఖ్యను మాత్రమే రాబట్టు ప్రశ్నకును, కథను రాబట్టు ప్రశ్నకును గల భేదము ఇట్టి ఒక్క ఉదయమున బోధపడును.

ఆ సాయంకాలము వీలైనచో ముచ్చింతల్‌నకును పోయి రావచ్చును. అచ్చటి 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహము 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైనది. దాని చుట్టును 108 దివ్యదేశముల నమూనా ఆలయములు కట్టినారు. అన్నిటిని మ్రొక్కుకొనుచు పోవుట భక్తునికి తగిన పనియే. తెలిసికొనగోరువాడు మాత్రము, తాను స్వయముగా సేవించి వచ్చిన శ్రీరంగమునో తిరుమలనో ఎన్నుకొని, ఆ ఒక్క ఆలయము కడ నిలిచి, అసలులో చూచినది ఇందులో ఏది కలదు, ఏది లేదు అని పోల్చుకొనుచు చాలసేపు గడపుట మేలు. నూటయెనిమిది ఉన్నచోట ఒక్కదాని యొద్ద నిలువగల సంయమము గల్ఫు నగరమున మిక్కిలి అక్కరకు వచ్చును. ఏలనన అచ్చట చూడుమని పిలుచునవి అంతకంటె ఎక్కువ.

ఇక మార్గదర్శి మాట. దుబాయిలో పర్యాటకులకు మార్గదర్శకత్వము చేయువారు ప్రభుత్వ అనుమతి పొందియుండవలెను గనుక, మొదట అనుమతి కార్డును అడిగి చూచుటలో తప్పులేదు. పిమ్మట భాష. మనవారిలో పలువురు ఆంగ్లమునకు జంకి దినమంతయు నోరు మెదపక తిరుగుదురు. హైదరాబాదు చుట్టుపట్ల పెరిగినవారికి ఉర్దూ కొట్టినపిండి యని, దుబాయిలో ఉర్దూ హిందీలు వీథివీథిని చెల్లునని వారు మఱచిపోవుట వింత. హిందీ తెలిసినవారే కావలెనని ముందుగా కోరి, మొత్తము సొమ్మెంతయో, అందులో ప్రవేశరుసుములును భోజనమును చేరినవో లేదో తేల్చుకొని, త్రోవలో ఏయే దుకాణముల కడ బండి నిలుపుదురని కూడ అడుగుడు. ఈ చివరి మాట అడుగుటకు మొగమాటపడకూడదు. అత్తరు దుకాణమున గంట, తివాచీల దుకాణమున గంట, నగల దుకాణమున మఱియొక గంట గడచునప్పటికి పగలు ముగిసి, చూడవలసినవి కారు కిటికీలో నుండి చూపబడును. "కొనుగోళ్ళు మా పిల్లలు చేయింతురు, మాకు పాత ఊరు చూపించండి" అని మొదటనే మర్యాదగా చెప్పిన పెద్దలకు ఈ చిక్కు రాదు.

మార్గదర్శియు మనుష్యుడే; అవే మాటలు దినమును చెప్పి చెప్పి అతని కంఠమునకు ఒక వరుస అలవడియుండును. ఆ వరుసను సున్నితముగా తప్పించుట యాత్రికుని వంతు. "మీరు మొదట వచ్చిననాడు ఈ వీథి ఎట్లుండెను?" అని అడిగి చూడుడు. అతడు మలబారువాడు కావచ్చును, పెషావరువాడు కావచ్చును. అతడును ఒకనాడు అట్టపెట్టెతో ఆ నగరమున దిగినవాడే. అటుపిమ్మట అతడు చెప్పు మాటలు ఏ పత్రికలోను దొరకవు. నా దృష్టిలో ఆ నగరమున చూడదగిన వానిలో మార్గదర్శి జీవితమును ఒకటి.

పోవు కాలము నవంబరు మొదలు మార్చి వరకు. రంజాను మాసమైనచో వేళలు మారును గనుక ముందుగా విచారించుకొనవలెను. శుక్రవారము మధ్యాహ్నము మసీదుల దరి పర్యటనకు తగదు. దుబాయి గడియారము మనకంటె గంటన్నర వెనుక నడచును. ఊరిలో అయిదింటికి లేచువారికి అచ్చట మూడున్నరకే మెలకువ వచ్చును. దీనిని బాధగా తలపక, ఎండ ముదరక మునుపే బయలుదేరుటకు ఉపయోగించుకొనుడు.

మొదట జుమేరా మసీదునకు పోవుట మంచిది. 1970ల చివర తెల్లని రాతితో, ఈజిప్టునేలిన ఫాతిమీల నాటి శైలిలో కట్టిన ఈ మసీదులోనికి అన్యమతస్థులను ఆహ్వానించి, తమ ప్రార్థనను, ఆచారములను వివరించి చెప్పు ఏర్పాటు కలదు. 1998లో నెలకొల్పబడిన షేక్ మొహమ్మద్ సాంస్కృతిక అవగాహన కేంద్రమువారు దీనిని నడపుచున్నారు. ఎవ్వరేమి అడిగినను నొచ్చుకొనక సమాధానము చెప్పుట వారి వ్రతము. స్త్రీలు తలపై కొంగు కప్పుకొని, చేతులు కాళ్ళు కప్పు వస్త్రములు ధరించి పోవలెను. మన చీరకు పూర్తిచేతుల రవికయు పైన శాలువయు ఉన్నచో చాలును. చెప్పులు విడచి లోనికి పోవుట మనకెవ్వరును నేర్పనక్కరలేదు. అచ్చట వాదమునకు దిగకుడు, పోలికలు తేకుడు. నమాజునకు ముందు కాళ్ళు చేతులు ఏ క్రమమున కడుగుదురో, ఆ క్రమమే ఎందుకో అడుగుడు. మనము గుడికి పోవునప్పుడు కాళ్ళు కడుగుకొనుటను ఆ మాట వెంటనే జ్ఞప్తికి తెచ్చును; చెప్పువారికిని మీ ముఖమున ఆ సంగతి తెలియును.

అచ్చటినుండి, 'క్రీక్' అని పిలువబడు సముద్రపు వాగు ఒడ్డున నున్న అల్ ఫహీదీ పేటకు రావలెను. ఈ దినమునకు ఆయువుపట్టు ఇదియే. నేనైనచో మసీదు తరువాత మఱేమియు చూడక ఇచ్చటనే మధ్యాహ్నము వరకు ఉండుమందును. 19వ శతాబ్దము ముగియునాటికి ఇరాను తీరము వెనుక సీమయైన బస్తక్ నుండి వలస వచ్చిన వర్తకులు ఇచ్చట ఇండ్లు కట్టిరి; అందుచేతనే దీనికి బస్తకియా యను పేరు కూడ వచ్చినది. సముద్రపు పగడపురాళ్ళు, జిప్సము గచ్చు, ఖర్జూరపు మ్రాకులు వారికి దొరికిన సామగ్రి. 1980లలో ఈ పేటలో పెద్దభాగము కూల్చివేయబడినది. మిగిలినదియు పోవలసియుండగా, అచ్చటి ఇంటిలో కాపురమున్న బ్రిటిషు వాస్తుశిల్పి రేనర్ ఆటర్ దానిని నిలుపుటకు పూనుకొనెను. 1989లో వచ్చిన బ్రిటిషు యువరాజు చార్లెసు దీనిని చూచి కాపాడదగినదని పలికెను. చివరకు కూల్చివేత ఆగి, ఇండ్ల మరమ్మతు మొదలయ్యెను. పాత ఇండ్లను పోగొట్టుకొనుచున్న మన పట్టణములవారు ఈ కథను నిదానముగా వినవలెను.

ఆ ఇండ్లపై చతురస్రముగా లేచిన గాలిగోపురమును దగ్గఱగా చూడుడు. దూరమునుండి అది అలంకారమనిపించును. లోపలి గదిలోనికి పోయి, సరిగా దాని క్రింద నిలిచి తల యెత్తినచో, నాలుగు వైపులను తెఱచియున్న ఆ గొట్టమును లోపల మూలనుండి మూలకు పోవు అడ్డుగోడలు నాలుగు పాయలుగా చీల్చుట కానవచ్చును. ఏ దిక్కు గాలి వీచినను ఒక పాయ దానిని పట్టి క్రిందికి దింపును. గదిలోని వేడిగాలి ఎదుటి పాయగుండ పైకి పోవును. విద్యుత్తు లేని కాలమున, సముద్రపు ఉక్కలో, ఆ గోడల నడుమ నిలిచినవాని మెడమీద చల్లని గాలి తగిలెడిది. మన కోస్తా పల్లెల మండువా లోగిలి ఆకసమునకు తెఱచి వానను వెలుగును ఇంటిలోనికి ఎట్లు పిలిచినదో, వీరి గోపురము గాలిని అట్లు పిలిచినది. ఇచ్చట తొందరపడకుడు. ఒక్కొక్క గోడను చేతితో తాకి చూచినచో గచ్చు రాలినచోట పగడపురాతి సన్నని రంధ్రములు వ్రేళ్ళకు తగులును. ఆ రంధ్రములలోని గాలియే వేడిని ఆపునని మార్గదర్శి చెప్పును.

ఆ సాంస్కృతిక కేంద్రమువారి ఇల్లు ఈ పేటలోనే యున్నది; ముందుగా పేరు వ్రాయించుకొన్నచో దివాణములో దిండ్ల నడుమ నేలపై కూర్చుండబెట్టి భోజనము పెట్టుదురు. శాకాహారులు ఆ సంగతి ముందే చెప్పుకొనవలెను. మొదట పిడిలేని చిన్న గిన్నెలలో ఏలకుల కాఫీ వచ్చును. దానిని కుడిచేత అందుకొనవలెను. గిన్నె ఖాళీ అయిన వెంటనే మరల పోయుచుందురు. చాలుననుకొన్నప్పుడు నోట చెప్పనక్కరలేదు, గిన్నెను వ్రేళ్ళ నడుమ అటునిటు రెండుసార్లు కదలించి అందించినచో చాలును. విస్తరిలో చేయి అడ్డుపెట్టి వడ్డనను ఆపు మనకు ఈ మర్యాద ఇట్టే పట్టుబడును. పెద్దలు సంకోచము వీడి అడుగవలసిన చోటిదే: పెండ్లి సంబంధములు ఎట్లు చూచుకొందురు, ముసలివారిని ఎవ్వరు చూచుకొందురు, ఆస్తి ఎట్లు పంచుకొందురు. ఎమిరేట్సు దేశము ఏర్పడినది 1971 డిసెంబరు 2న. మన తల్లిదండ్రులలో పలువురు ఆ దేశముకంటె వయస్సున పెద్దవారు. ఎదుట కూర్చున్న యువతీయువకులకు వారి తాతల కాలము కథయైపోయినది. మీ బాల్యములోని బావి, లాంతరు, ఎడ్లబండి చెప్పినచో వారును తమ తాతలు చెప్పిన నీటి కటకటను, ఒంటెల బాటలను చెప్పుదురు.

సమీపముననే 1787 నాటి అల్ ఫహీదీ కోట యున్నది. నిలిచియున్న కట్టడములలో దుబాయికెల్ల పాతది ఇదియే. లోపలి ప్రదర్శనశాల తెఱచియున్నదో లేదో ముందుగా కనుగొనుడు. తరువాత వాగు దాటవలెను. అబ్రా యను చెక్కపడవ మీద ఒక్క దిర్హము చెల్లించి, కూలీలును, గుమస్తాలును, పర్యాటకులును ఒకే బల్లమీద కూర్చుండి అవతలి దేరా ఒడ్డునకు పోవుదురు. ఆ దిర్హమును చేతపట్టుకొన్నప్పుడు తెలుగువాడు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. 1909లో దుబాయిలో తెఱచిన తపాలా కార్యాలయము భారత తపాలాశాఖ క్రిందిదే. 1966 వరకు అచ్చటి సంతలో చెల్లినది రూపాయియే. గల్ఫునకై ప్రత్యేకముగా 1959లో మన రిజర్వు బ్యాంకు వేఱు రంగు నోట్లు ముద్రించెను. 1966లో భారతదేశము రూపాయి విలువ తగ్గించిన పిదప వారు దానిని విడచిరి. ఇప్పుడు దిర్హమునకు ఎన్ని రూపాయలని ప్రతిదినము లెక్క వేయు మన కుఱ్ఱవారికి ఈ సంగతి ఎవ్వరో ఒకరు చెప్పవలెను.

ఇక వెంటగొని వచ్చిన ప్రశ్న. వాగు ముఖద్వారమున నున్న షిందఘా ప్రాంతపు ప్రదర్శనశాలలలో పాత జీవనమును గూర్చిన వస్తువులు చూపుదురు. అచ్చట ముత్యాల వేటను గూర్చి మార్గదర్శిని విడువక అడుగుడు. వేట కాలము ఇంచుమించు జూన్ నుండి సెప్టెంబరు వరకు. మునుగువాడు ముక్కునకు చిన్న పట్కారు తగిలించుకొని, కాలికి రాయి కట్టుకొని, మెడను బుట్ట వ్రేలాడదీసికొని దిగును. పడవమీది జోడుకాడు త్రాడు పట్టుకొని యుండును. ఊపిరి చాలనప్పుడు క్రిందివాడు త్రాటిని లాగును, పైవాడు అతనిని చేదుకొనును. ఒక్క దినమున పదులకొలది మునుకలు. పడవ యజమాని వేటకు ముందే ఇంటి ఖర్చులకు బయానా ఇచ్చెడివాడు. వేట చాలనియేడు ఆ అప్పు మఱుసటి యేటికి, తండ్రి చనిపోయినచో కొడుకు మీదికి పోయెడిది. అప్పు తీరనివాడు వేఱొక పడవ ఎక్కుటకు వీలులేదు. ఈ మాటలు వినుచున్న మన జగిత్యాల పిల్లవాడు, వీసా కొఱకు ఊరిలో మిత్తికి తెచ్చిన సొమ్మును తలచుకొనక మానడు. ఇచ్చట నాకు తోచినది మఱియొకటి యున్నది: ఆరుబయట పనిచేయువారిచేత జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడు వరకు పని చేయింపరాదని నేటి ఎమిరేట్సు శాసనము, ముత్యాలవారు సముద్రమున మునిగినది సరిగా ఆ నెలలలోనే. ఆ ఎండ ఎట్టిదో పుస్తకము చూచి చెప్పువారికంటె మన మేస్త్రీకి బాగుగా తెలియును. జపానువారు ముత్యములను పెంచి అమ్మసాగుటయు, 1929 తరువాతి ఆర్థిక మాంద్యమును కలిసి ఆ వేటను కూలద్రోసినవి. 1966లో దుబాయి సముద్రమున చమురు కనబడు వరకు ఆ ఒడ్డున గడ్డుకాలము నడచినది. ఆ పడవలవారి మనుమలే నేడు ఈ నగరపు యజమానులు. ఇది విన్న పిమ్మట మన పనివానికి తాను ఒంటరినని తోచదు. తనకంటె ముందు ఆ తీరమున అప్పుతో బ్రతికిన వారుండిరని, వారును ఇంటికి పంపవలసినవారేయని తోచును. నేను ఈ అధ్యాయము వ్రాయుటకు కారణము ముఖ్యముగా ఇదియే.

మీరు పోవునది దుబాయి కాకపోయినను పద్ధతి మారదు. మస్కటునకు పోవువారు 2001లో ప్రారంభమైన సుల్తాన్ కాబూస్ పెద్ద మసీదును ఉదయమే చూడవలెను. దాని గోడలకు వాడిన మూడు లక్షల టన్నుల ఇసుకరాయి మన దేశమునుండి పోయినదే. అబూధాబిలో 2017లో తెఱచిన లూవ్ర్ ప్రదర్శనశాల గుమ్మటము 180 మీటర్ల వెడల్పుది. ఖర్జూరపుతోటలో నేలపై పడు నీడవెలుగులను దాని క్రింద చూడవచ్చును. దోహాలో 2008లో తెఱచిన ఇస్లామీయ కళల ప్రదర్శనశాలను ఐ. ఎమ్. పే రూపొందించి, రేపు ప్రక్కన లేచు భవనములు దానిని మ్రింగివేయకుండ సముద్రమున దానికై దీవి కట్టించెను. అదే నగరమున జాతీయ ప్రదర్శనశాలలో బరోడా పాలకుడు ఖండేరావు గైక్వాడు 19వ శతాబ్దమున చేయించిన ముత్యాల తివాచీ యున్నది. గల్ఫు అడుగున పుట్టి, గుజరాతుకు వచ్చి, వస్త్రముపై పదిలక్షలకు పైబడి కుట్టబడి, మరల గల్ఫునకే చేరిన ముత్యములవి. దోహాకు పోయిన తెలుగువాడు మఱేమి చూడకపోయినను దానిని చూచి రావలెను.

రాత్రి గదికి చేరిన పిదప నిద్రకు ముందు, విన్న వానిలో నాలుగు మాటలు తెలుగున వ్రాసికొని, ఇంటికి ఫోను చేసి పిల్లలకు చెప్పుడు. వస్తువుల ధరలు చెప్పవద్దు. మునుగువాడు త్రాడు లాగుటను, పైవాడు చేదుకొనుటను చెప్పుడు. చెప్పుచున్నప్పుడు మీకు తెలియక నిలిచిపోయిన చోట్లు బయటపడును. మఱుసటి సెలవునాటికి అడుగవలసిన ప్రశ్నలు అవియే.

ఆ మఱుసటి సెలవునకు మార్గదర్శి అక్కరలేదు, సొమ్మును పెద్దగా అక్కరలేదు. అల్ ఫహీదీ వీథులలో నడచుటకు రుసుము లేదు. మెట్రో, బస్సులకు నోల్ కార్డు చాలును. వాగు దాటుటకు ఒక్క దిర్హము. నీళ్ళ సీసాతో పాటు, క్యాంపులో మీ ప్రక్క మంచముననుండి ఇంతవరకు సైటు తప్ప ఏమియు చూడని సహచరుని వెంటబెట్టుకొని పొండు. ఏమియు చెప్పక ముందుగా అతనిని గాలిగోపురము క్రింద నిలువబెట్టి, గాలి ఏ వైపునుండి దిగుచున్నదో అతనినే కనుగొనుమనుడు.